వైట్ సాక్స్ రెండో రీబిల్డ్: ఇంకోసారి ఓపిక పట్టాలా, ఇక చాలించాలా?

సౌత్‌సైడ్ నాన్న

2024 సెప్టెంబర్ 27 రాత్రి డెట్రాయిట్‌లో మా బేస్‌బాల్ జట్టు షికాగో వైట్ సాక్స్ 4-1తో ఓడిపోయింది. 162 మ్యాచ్‌ల సీజన్లో అది 121వ ఓటమి. 1962లో అప్పుడే పుట్టిన న్యూయార్క్ మెట్స్ జట్టు 120 ఓడింది. ఆధునిక బేస్‌బాల్‌లో అంతకంటే ఘోరం ఉండదనుకునేవాళ్లం. మావాళ్లు దాన్నీ దాటేశారు. అదే మ్యాచ్ గెలిచి డెట్రాయిట్ టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌లోకి, అంటే సీజన్ చివర టైటిల్ కోసం ఆడే పోటీల్లోకి వెళ్లింది. ఆ టైగర్స్ 2019లో 114 ఓడిన జట్టు. ఆ రాత్రి నుంచి నా మనసులో ఉన్న ప్రశ్ననే ఇక్కడ పెడుతున్నాను.

బేస్‌బాల్ పెద్దగా చూడనివాళ్ల కోసం ఒక మాట. రీబిల్డ్ అంటే ఉన్న స్టార్ ఆటగాళ్లని వేరే జట్లకి ఇచ్చేసి, బదులుగా ఇంకా మైనర్ లీగ్స్‌లో ఆడుతున్న కుర్రాళ్లని, అంటే ప్రాస్పెక్ట్స్‌ని తెచ్చుకోవడం. వాళ్లు ఎదిగేదాకా జట్టు ఓడుతూ ఉంటుంది, అభిమానులు ఓపిక పట్టాలి. వైట్ సాక్స్ ఇలా మొదలుపెట్టడం పదేళ్లలో ఇది రెండోసారి.

2025లో 60 గెలిచి 102 ఓడాం. 2025 డిసెంబర్‌లో, కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి తీసే లాటరీ మాకు తగిలింది, 2026లో మొదటి ఎంపిక మాదే. జపాన్ నుంచి బ్యాటర్ మునెతాకా మురకామి రెండేళ్లకి 3.4 కోట్ల డాలర్లకి వచ్చాడు. నాకు మళ్లీ నమ్మకం కలుగుతోంది. ఎందుకో చెబుతాను.

2024 జులై చివర్లో, వరుసగా 21 మ్యాచ్‌లు ఓడిన ఆ రోజుల్లో, మా పదేళ్ల వాడిని రెడ్ లైన్ ట్రైన్‌లో స్టేడియానికి తీసుకెళ్లాను. వాడికి స్కోర్ బుక్ రాసే అలవాటుంది. పెన్సిల్‌తో ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో గడి నింపుతాడు. అక్కడ మొక్కజొన్న పొత్తుల్ని కళ్లముందే కత్తితో ఒలిచి, వెన్న, నిమ్మరసం, కారం వేసి కప్పులో ఇస్తారు. అది తింటూ తొమ్మిది ఇన్నింగ్స్ రాశాడు. చివర్లో ఫలితం రాసే గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు. ఎందుకురా అంటే "తెలిసిందే కదా నాన్నా" అన్నాడు. ఆ వారంలోనే మేము మార్చిలో శాన్ డియేగోకి ఇచ్చేసిన పిచర్ (బంతి విసిరేవాడు) డిలన్ సీస్ ఆ జట్టు తరఫున వాషింగ్టన్‌లో నో-హిట్టర్ వేశాడు, అంటే ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఇద్దరం ఫోన్‌లో చూశాం.

2025 వేరు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసేవాడు) కోల్సన్ మాంట్‌గోమరీ 2021లో డ్రాఫ్ట్ చేసిన కుర్రాడు. మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద, షార్లట్‌లో బంతి బ్యాట్‌కి తగలక అవస్థ పడుతుంటే ఆరిజోనా శిక్షణ కేంద్రానికి వెనక్కి పంపారు. స్వింగ్ సరిచేసుకుని వచ్చి జులై 4న మేజర్ లీగ్‌లో దిగాడు. 71 మ్యాచ్‌ల్లో 21 హోమ్ రన్‌లు కొట్టాడు. పిచర్ షేన్ స్మిత్‌ని అసలు ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. మిల్వాకీ తన ముఖ్య జాబితాలో పెట్టుకోకుండా వదిలేస్తే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మావాళ్లు తెచ్చుకున్నారు. మొదటి ఏడాదే ఆల్-స్టార్ అయ్యాడు. పాత రీబిల్డ్‌లో కుర్రాళ్లు మా దగ్గరికి వచ్చాక ఆగిపోయేవాళ్లు. ఇప్పుడు వచ్చాక బాగుపడుతున్నారు. నాకు కనిపిస్తున్న తేడా ఇదే.

అరోరా అన్న

సౌత్‌సైడ్ గారూ, మీ అబ్బాయి వదిలేసిన ఆ ఖాళీ గడి చదివి మనసు బరువెక్కింది. కానీ మీ నమ్మకంతో నేను ఏకీభవించలేను. ఈ మాటలన్నీ 2016లోనూ విన్నాం.

ఆ డిసెంబర్‌లో స్టార్ పిచర్ క్రిస్ సేల్‌ని బాస్టన్‌కి ఇచ్చి మోంకాడా, కోపెక్‌లని తెచ్చారు. మర్నాడే ఆడమ్ ఈటన్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి జియోలీటోని, మరో ఇద్దరు పిచర్లని తెచ్చారు. 2017లో క్వింటానాని ఏకంగా ఊళ్లోని కబ్స్‌కే ఇచ్చి ఎలోయ్ హిమేనెస్, డిలన్ సీస్‌లని తెచ్చారు. దేశంలోనే గొప్ప ప్రాస్పెక్ట్స్ మనవాళ్లే అన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క మ్యాచ్ గెలవకముందే వరల్డ్ సిరీస్ కప్పుల లెక్కలు వేసుకున్నాం. నేనూ వేసుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ కుర్రాళ్లు మోసం చేయలేదు. 2021లో 93 మ్యాచ్‌లు గెలిచి డివిజన్ టైటిల్ తెచ్చారు. ఆ ఆగస్టులో అయోవాలో మొక్కజొన్న చేల మధ్య కట్టిన మైదానంలో యాంకీస్ మీద టిమ్ ఆండర్సన్ చివరి హోమ్ రన్ కొట్టి గెలిపించినప్పుడు, బంతి వెళ్లి ఆ చేలో పడినప్పుడు, మా హాల్లో సోఫా మీద నిలబడి అరిచాను. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ చేతిలో 3-1తో పోయాం. సరే, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాం. 2022లో 81 గెలుపులు, 81 ఓటములు. 2023లో 101 ఓటములు. కట్టింది మొత్తం రెండేళ్లలో కూలిపోయింది.

గాయాలే కారణం అంటారు. ఎలోయ్ ప్రాక్టీస్ మ్యాచ్‌లో గోడ మీదుగా పోయే బంతి కోసం చెయ్యి చాచి ఛాతీ కండరం తెంచుకున్నాడు, లూయిస్ రాబర్ట్‌కి తుంటి దగ్గర కండరం చిట్లింది, నిజమే. కానీ గాయాలు ప్రతి జట్టుకీ ఉంటాయి. వాళ్ల స్థానంలోకి తెచ్చుకోవడానికి వెనకాల మనుషులు లేకపోవడమే అసలు జబ్బు. 2019లో స్టార్ బ్యాటర్ మానీ మచాడో వస్తాడని ఆశపెట్టారు. శాన్ డియేగో 30 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుపోయింది. 2021లో నో-హిట్టర్ వేసిన కార్లోస్ రోడాన్‌కి ఒక్క ఏడాది జట్టులో ఉండమని అడిగే క్వాలిఫయింగ్ ఆఫర్ కూడా ఇవ్వకుండా పంపేశారు. వైట్ సాక్స్ చరిత్రలో అతి పెద్ద కాంట్రాక్ట్ ఇప్పటికీ బెనింటెండీకి ఇచ్చిన ఏడున్నర కోట్లే. షికాగో లాంటి మహానగరంలో! ఒక్క ఆటగాడికీ పది కోట్లు ఇవ్వని యాజమాన్యం మనది.

నారు పోసినవాడు నీరు పోయాలి కదా. వీళ్లు నారు పోసి, మొలకలు పచ్చగా కనిపించగానే కాలువ కట్టేశారు. 1981 నుంచీ యజమాని ఒక్కరే, జెర్రీ రైన్స్‌డార్ఫ్. మళ్లీ అదే చేతికి కొత్త నారు ఇచ్చి పండుతుందంటే నేనెలా నమ్మాలి? పిచర్ గారెట్ క్రోషేని కూడా 2024 డిసెంబర్‌లో బాస్టన్‌కే ఇచ్చేశారు. అక్కడ 18 గెలిచి 5 ఓడాడు, 255 మందిని స్ట్రైకవుట్ చేశాడు. బాస్టన్ అతనికి 17 కోట్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. అంత డబ్బు ఇచ్చే ధైర్యం మనకు ఉండి ఉంటే అతను ఈ రోజు మన మొదటి పిచర్.

ఉప్పల్ స్టాండ్

హైదరాబాద్ నుంచి. మా అన్నయ్య అమెరికాలో ఉండటం వల్ల బేస్‌బాల్ అలవాటైంది. నాకు అర్థం కానిది ఒకటే: ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది? మా సన్‌రైజర్స్ 2023లో పది జట్లలో పదో స్థానం. వేలంలో పాట్ కమ్మిన్స్‌ని, హెడ్‌ని కొన్నారు. 2024లో ఫైనల్ ఆడారు. ఒక్క ఏడాది! కోల్‌కతా మీద ఓడాం కానీ ఆ సీజన్ ఉప్పల్లో చూసినవాళ్లు జన్మలో మరచిపోరు. అలా కుదరదా?

సౌత్‌సైడ్ నాన్న

తమ్ముడూ, మంచి ప్రశ్న. ఐపీఎల్‌లో వేలంలో తయారైన ఆటగాళ్లు దొరుకుతారు, ఎవరి దగ్గరైనా ఒకే పరిమితిలో డబ్బుంటుంది. ఇక్కడ జీతాలకి గట్టి పైకప్పు లేదు. డ్రాఫ్ట్‌లో దొరికేది పద్దెనిమిదేళ్ల స్కూలు పిల్లాడో, ఇరవై ఒకటేళ్ల కాలేజీ కుర్రాడో. చిన్న ఊళ్లలో బస్సుల్లో తిరుగుతూ మైనర్ లీగ్స్ నాలుగైదు మెట్లు ఎక్కాలి. మేజర్ లీగ్‌కి వచ్చాక సుమారు ఆరేళ్లు జట్టు చేతిలో ఉంటాడు, ఆ తర్వాత స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. అందుకే ఈ ఆరేళ్లు అందరికీ ఒకేసారి కలిసిరావాలి. కలిసి రాకపోతే అరోరా అన్న చెప్పినట్టే అవుతుంది.

పైగా ఓడితే మంచి ఎంపిక వస్తుందన్నదీ అబద్ధమే. 121 ఓడినందుకు మాకు 2025 డ్రాఫ్ట్‌లో ఎన్నో ఎంపిక వచ్చిందో తెలుసా? పదోది. పెద్ద ఆదాయం ఉన్న జట్లు వరుసగా రెండేళ్లు లాటరీ ఎంపికలు పొందకూడదని రూల్. 2024లో ఐదో ఎంపిక తీసుకున్నాం కాబట్టి ఆ శిక్ష. కావాలని ఓడటం ఆపాలన్న ఉద్దేశం సరైనదే, నేను కాదనను. కానీ ఆ 121 రాత్రులు కూర్చుని చూసినవాళ్లకి అది పుండు మీద కారం.

అరోరా అన్నా, క్రోషే గురించి మీ బాధ నాకూ ఉంది. కానీ ఆ ట్రేడ్‌లో వచ్చిన కైల్ టీల్‌ని చూడండి. క్యాచర్, ఎడమచేతి బ్యాటర్, జూన్‌లో వచ్చినప్పటి నుంచి జట్టుకి వెన్నెముకలా ఉన్నాడు. మైడ్రాత్ కూడా ఆ ట్రేడ్‌లోనే వచ్చాడు. బ్రేడెన్ మాంట్‌గోమరీ ఇంకా రావాలి.

పిచర్ వాళ్లమ్మ

షికాగో శివారు ఆస్విగోలో ఉంటాం. మీరందరూ కుర్రాళ్ల పేర్లు ధాన్యం బస్తాల్లా లెక్కపెడుతుంటే ఒక మాట చెప్పాలనిపించింది.

మా ఊరి ఆస్విగో ఈస్ట్ హైస్కూల్‌లో చదివిన నోవా షుల్ట్స్ ఇప్పుడు వైట్ సాక్స్ ప్రాస్పెక్ట్. ఆరున్నర అడుగులు దాటిన ఎత్తు, ఎడమచేతి వాటం పిచర్, 2022లో మొదటి రౌండ్‌లో తీసుకున్నారు. ఇక్కడ పిచింగ్ చేసే ప్రతి పిల్లాడికీ ఆ పేరు తెలుసు, మావాడితో సహా. 2025లో అతనికి మోకాలి నొప్పితో సీజన్ తారుమారైంది. సీస్ ట్రేడ్‌లో వచ్చిన డ్రూ థోర్ప్ మోచేతికి టామీ జాన్ ఆపరేషన్ (తెగిన లిగమెంట్ మార్చేది) అయి ఏడాదంతా ఆడలేదు. మీ చర్చలో ఇవి "సెట్‌బ్యాక్స్", ఒక్క మాటలో అయిపోతాయి.

మావాడికి పద్నాలుగేళ్లు. ఆ వయసుకి రోజుకి 95 బంతులు దాటకూడదని, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని మేజర్ లీగ్ వాళ్లే సూచనలు పెట్టారు. నేను స్టాండ్స్‌లో చేతిలో క్లిక్కర్ పట్టుకుని ఒక్కో బంతీ లెక్కపెడతాను. మ్యాచ్ అయ్యాక కారులో మోచేతికి ఐస్ సంచి కట్టుకుని కూర్చుంటాడు. నీళ్లు కారి సీటు తడుస్తుంది. "నొప్పా?" అంటే ఎప్పుడూ "లేదమ్మా" అనే అంటాడు. ఇరవై రెండేళ్ల ప్రాస్పెక్ట్ కూడా అలాగే అంటాడేమో అని నా భయం. మూడేళ్లలో ఈ పిచర్, నాలుగేళ్లలో ఆ పిచర్ అని లెక్క వేసేవాళ్లు, అందులో కొన్ని చేతులు నిలవవని మొదటే కలుపుకోవాలి. పది మంది పిచర్లుంటే ముగ్గురు మిగులుతారనుకుని జట్టు కట్టాలి.

మిషిగన్ తెలుగోడు

అమ్మా, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. టైగర్స్ అభిమానిగా రుజువు చెబుతా.

మా రీబిల్డ్‌లో మాకు రెండుసార్లు డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక వచ్చింది. 2018లో కేసీ మైజ్, 2020లో స్పెన్సర్ టోర్కెల్సన్. మైజ్‌కి మోచేతి ఆపరేషన్. టోర్కెల్సన్‌ని 2024 మధ్యలో మైనర్ లీగ్‌కి వెనక్కి పంపారు. ఇద్దరూ తర్వాత కోలుకున్నారు, కాదనను. కానీ మమ్మల్ని పైకి లాగింది తారిక్ స్కూబల్. 2018లో తొమ్మిదో రౌండ్ ఎంపిక! కాలేజీలోనే మోచేతి ఆపరేషన్ అయినవాడు. 2024లో, 2025లో వరుసగా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. కాబట్టి మొదటి ఎంపిక దొరికిందని మరీ పొంగిపోవద్దు. మీ షేన్ స్మిత్ లాంటివాళ్లని వెతికి పట్టుకునే కళ్లు, వాళ్లకి నేర్పే చేతులు ఉన్నాయా అన్నదే చూడండి.

ఇంకోటి. స్కూబల్ 2026 తర్వాత స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. ఇన్నేళ్లు ఎదురుచూసి, 2025 ప్లేఆఫ్స్‌లో సియాటెల్ మీద 15 ఇన్నింగ్స్ ఆడి ఓడాం. ఇప్పుడు మళ్లీ అతను ఉంటాడా పోతాడా అని టెన్షన్.

అరోరా అన్న

మిషిగన్ గారు నా మాటే చెప్పారు. కుర్రాడు ఎదిగాక నిలబెట్టుకోవడమే అసలు పరీక్ష.

మన డివిజన్‌లోనే కాన్సస్ సిటీని చూడండి. మనకంటే చిన్న ఊరు. 2023లో 106 ఓడారు. ఆ చలికాలంలో బాబీ విట్‌కి 11 ఏళ్లకి 28.8 కోట్ల పైచిలుకు కాంట్రాక్ట్ ఇచ్చారు. లూగో, వాకా అనే ఇద్దరు అనుభవమున్న పిచర్లని కొన్నారు. 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్ ఆడారు. ఉప్పల్ తమ్ముడు అడిగినదానికి ఇదే జవాబు: ఒక్క ఏడాదిలో కుదురుతుంది, యజమాని చెక్కు రాస్తే. అదే సమయంలో మనం 121 ఓడాం.

మురకామి రావడం నాకూ సంతోషమే. కానీ రెండేళ్లే. కోల్సన్ మాంట్‌గోమరీకి, టీల్‌కి ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ ముందు పెట్టమనండి. అప్పుడు నమ్ముతా.

సౌత్‌సైడ్ నాన్న

ఒప్పుకుంటున్నా అన్నా. నేను కుర్రాళ్ల ఆట చూసి మాట్లాడాను, మీరు యజమాని చెయ్యి చూసి మాట్లాడారు. నారు ఈసారి బాగుందన్న నా మాట మీద నిలబడతా. నీళ్ల సంగతి మీదే నిజం. 2029 నుంచి జట్టులో పెట్టుబడి పెట్టిన జస్టిన్ ఇష్బియా చేతికి జట్టు వెళ్లే వీలు కల్పించే ఒప్పందం ఉంది కానీ ఈ కుర్రాళ్ల కాంట్రాక్టుల నిర్ణయం అంతదాకా ఆగదు.

అమ్మా, మీ అబ్బాయి చెయ్యి జాగ్రత్త. పదిమందిలో ముగ్గురు అన్న లెక్క ఇకమీదట నేనూ వేసుకుంటాను.

ఒక చిన్న సంగతి. 2025 వేసవిలో కోల్సన్ మాంట్‌గోమరీ హోమ్ రన్ కొట్టిన ఒక రోజు, స్కోర్‌బోర్డు మీద రంగు చక్రాలు తిరిగి టపాసులు పేలాక, మావాడు పెన్సిల్ తీసి ఫలితం గడి నింపాడు. ఆ మ్యాచ్ ఓడిపోయాం కూడా. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం మాతో రండి. టికెట్లు నేను తీస్తా.

అరోరా అన్న

తప్పకుండా వస్తా. మొక్కజొన్న నా ఖర్చు. సీజన్ టికెట్ మాత్రం మాంట్‌గోమరీ సంతకం పెట్టాకే.