తెలంగాణలో 2017లోనే బంద్ చేశారు కదా, మరి రమ్మీ యాప్‌లు 2025 దాకా ఎట్లా నడిచినయ్?

కోదాడ క్రాస్‌రోడ్ (ప్రశ్న):

మాది కోదాడ, పురుగుమందుల షాపు. చట్టాల సంగతి నాకు పెద్దగా తెల్వదు. తెలిసినోళ్లు చెప్తారని అడుగుతున్నా.

మా బావమరిది రమ్మీలో ఎంత పోగొట్టాడో వాడికే లెక్క లేదు. మాకు తెలిసింది వాళ్లావిడ నాలుగు తులాల గొలుసు, రెండు పాడి గేదెలు. 2017లో తెలంగాణలో నిషేధం వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. నెల తిరక్కముందే వీడు పొద్దు గూకగానే బండి తీసి జగ్గయ్యపేట దిక్కు పోవడం మొదలుపెట్టిండు. గరికపాడు చెక్‌పోస్టు దాటి టీ కొట్టు బెంచీ మీద కూర్చుంటే చాలు, ఫోన్‌లో క్యాష్ టేబుల్ తెరుచుకునేది. ఒకసారి వెనకాలే పోయి చూశా. ఆ బెంచీ మీద మా ఊరోళ్లే నలుగురు! 2020లో ఆంధ్రలో కూడా బంద్ చేసిన్రు. ఆ తర్వాత ఎక్కడికీ పోలేదు, ఇంట్లో మంచం మీద పండుకునే ఆడిండు. వాడు మహారాష్ట్రలో ఉన్నడని ఫోన్ చెప్పేదంట.

2025 ఆగస్టులో ఢిల్లీలో ఆన్‌లైన్ డబ్బులాటల్ని దేశమంతా బంద్ చేసే బిల్లు పెట్టిన్రు, మూడు రోజుల్లో చట్టమైంది. అదే వారంలో వాడి యాప్‌లో డబ్బులాట మాయం, మిగిలిన పైసలు తీసుకోమని మెసేజ్.

ఇంత తేలికైన పనిని ఎనిమిదేళ్లు ఎవరు ఆపిన్రు? ఇంకోటి, ఆ బిల్లు మీద సభలో ఎవరూ నోరు తెరవలేదంటున్నరు, నిజమేనా?

భీమవరం బుల్లోడు:

ఆపింది ఎవరూ కాదు గురూ, ఆడేవాళ్లే. మా వైపు కోడిపందేలు వద్దని హైకోర్టు చెప్పిన ఏడాది కూడా సంక్రాంతికి బరులు కిటకిటలాడాయి. చట్టం కాగితం మీద, కత్తి కోడి కాలికి.

పాత కస్టమర్‌కేర్:

అన్నా, మీ బావమరిది లాంటివాళ్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. 2019 నుంచి నాలుగేళ్ల పైన హైదరాబాద్‌లో ఒక రమ్మీ కంపెనీ కస్టమర్ కేర్‌లో, తెలుగు డెస్కులో చేశాను. కంపెనీ పేరు అడగొద్దు.

మొదట్లో, ఆంధ్రలో ఇంకా బంద్ కానప్పుడు, రాత్రి షిఫ్టులో ఎక్కువగా వచ్చే కాల్ ఇదే: "మేడమ్, లొకేషన్ తప్పు చూపిస్తోంది, నేను విజయవాడలో ఉన్నా." వెనకాల మెట్రో రైల్లో అమీర్‌పేట స్టేషన్ అనౌన్స్‌మెంట్ వినపడుతూ ఉంటుంది. "సార్, మీ రాష్ట్రంలో మా సేవలు అందుబాటులో లేవు" అని చదివి, కంప్లయింట్ క్లోజ్ చేసేదాన్ని. తమాషా ఏంటంటే ఆఫీసు ఉన్న ఊళ్లో మా ఆట మేమే డబ్బు పెట్టి ఆడకూడదు.

ఎవరు ఆపారన్నారు కదా. నా మటుకు నాకు, ముందుగా ఆపింది ఒక్క మాట: నైపుణ్యం. ట్రైనింగ్ మొదటి రోజే మాకు నేర్పింది 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కేసు ఎక్కడిదో తెలుసా? సికింద్రాబాద్‌ది! అక్కడి ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే కేసు ఢిల్లీ దాకా పోయింది. మూడు ముక్కలాటలా రమ్మీ వట్టి అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, అందుకని అది జూదం కిందికి రాదు అంది కోర్టు. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ఈ వ్యాపారం మొత్తం దాని మీదే నిలబడింది. అదే తీర్పులో ఇంకో వాక్యం ఉంది. క్లబ్బు నడిపేవాడు ఆ ఆట మీద లాభం తీసుకుంటున్నాడని రుజువైతే మాత్రం సంగతి వేరు అని. మా ట్రైనింగ్‌లో అది లేదు. ప్రతి టేబుల్ మీదా కంపెనీ కమీషన్ కోసుకునేది మరి. చాన్నాళ్ల తర్వాత లాయర్ చదువుతున్న మా తమ్ముడు చూపిస్తే తెలిసింది.

2017లో తెలంగాణ సర్కారు ఈ మాటనే కొట్టేయాలని చూసింది. జూన్‌లో ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీలు హైకోర్టుకి పోగానే సందులు పూడ్చడానికి జూలైలో ఇంకోటి తెచ్చింది. 2020 సెప్టెంబరులో ఆంధ్ర కూడా ఆర్డినెన్స్ తెచ్చింది. అక్టోబరులో 132 సైట్లు, యాప్‌లు బ్లాక్ చేయండి అని జగన్ కేంద్ర ఐటీ మంత్రికి ఉత్తరం రాశారు. అసలు చిక్కు ఆ ఉత్తరంలోనే ఉంది. జూదం రాష్ట్రాల జాబితాలో ఉంది, ఇంటర్నెట్ గొట్టం మాత్రం ఢిల్లీ చేతిలో. రాష్ట్రం చట్టం చేయగలదు, బ్లాక్ చేయలేదు. కేంద్రం బ్లాక్ చేయగలదు, అడిగితే అది రాష్ట్రాల విషయమంటుంది. బంతి అటూ ఇటూ తిరిగినన్నాళ్లూ మా డెస్కులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

2023లో కేంద్రం రెండు పనులు చేసింది. ఏప్రిల్‌లో, పరిశ్రమే పెట్టుకునే స్వయం నియంత్రణ సంస్థలు ఏ ఆట సరైనదో తేలుస్తాయని రూలు రాసింది. అలాంటి ఒక్క సంస్థకీ గుర్తింపు ఇవ్వలేదు. అక్టోబరు 1 నుంచి డిపాజిట్ మీద 28 శాతం జీఎస్టీ వేసింది. ఆ రోజు మా ఆఫీసులో ఏడుపులు ఉంటాయనుకున్నాను. మా మేనేజర్ మాత్రం "ఇంత పన్ను కట్టేవాణ్ణి ఎవరు మూయిస్తారు?" అన్నాడు. ఆ పన్నును ఆటగాడికి బోనస్ పేరుతో మేమే తిరిగిచ్చాం, వాడు ఇంకా ఆడాడు. తర్వాత కొన్నాళ్లకి నేను మానేశాను.

ఇక 2025 ఆగస్టు సంగతి. 20న లోక్‌సభలో పెట్టారు, అదే రోజు మూజువాణి ఓటుతో పాస్. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. బీహార్ ఓటర్ల జాబితా సవరణ మీద ప్రతిపక్షాలు నినాదాలు చేస్తున్నాయి. ఆ రోజే ముప్పై రోజులు జైల్లో ఉన్న ముఖ్యమంత్రుల్ని, మంత్రుల్ని పదవి నుంచి తీసే 130వ రాజ్యాంగ సవరణ బిల్లు పెట్టి, కాగితాలు చింపేంత రభస అయింది. ఆ బిల్లుని సంయుక్త కమిటీకి పంపారు. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని సర్కారే చెప్పిన ఈ బిల్లుని మాత్రం ఏ కమిటీకీ పంపలేదు. కావాలని ఆ రోజే పెట్టారా అంటే నేను చెప్పలేను. ఆ గోల మాత్రం బాగా కలిసొచ్చింది.

ఈసారి ఎందుకు పనిచేసిందంటే, నైపుణ్యమా అదృష్టమా అనే పేచీయే తీసేశారు. డబ్బు పెట్టి ఆడితే చాలు, ఏ ఆటైనా ఒకటే. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు దాటించే బ్యాంకుకీ మూడేళ్లు, కోటి. గొంతు పట్టుకుంది ఆ చివరిదే. యూపీఐ ఆగితే టేబుల్ ఎక్కడిది? తెలంగాణ చట్టానికి ముంబైలో ఉన్న బ్యాంకు భయపడదు, దీనికి భయపడింది.

తాంబరం తెలుగువాడు:

అమ్మాయి చెప్పినదానికి తమిళనాడు కథ కూడా కలపాలి, అది చూడకపోతే సగమే. ఇక్కడ 2021లో చేసిన చట్టాన్ని మద్రాసు హైకోర్టు అదే ఏడాది ఆగస్టులో కొట్టేసింది. స్టాలిన్ ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి చంద్రు కమిటీ వేసి, 2022 అక్టోబరు 1న ఆర్డినెన్స్ తెచ్చింది. దాని మీద గవర్నర్ రవి సంతకం పెట్టారు. అదే నెల 19న అవే మాటలతో అసెంబ్లీ బిల్లు పాస్ చేస్తే దాని మీద పెట్టలేదు! ఈలోగా ఆర్డినెన్స్ గడువు తీరిపోయింది. పాత చట్టం పోయి, కొత్తది రాక, మధ్యలో నెలల తరబడి ఖాళీ. 2023 మార్చిలో, అసెంబ్లీకి ఈ అధికారం లేదంటూ బిల్లు తిప్పి పంపారు. ఆ అధికారం అక్టోబరులో ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియాలి.

అసెంబ్లీ మార్చి 23న మళ్లీ పాస్ చేసింది. రెండోసారి వస్తే గవర్నర్ ఆపడానికి లేదు. ఏప్రిల్ 10న, బిల్లులకు గవర్నర్లు గడువులోగా ఆమోదం తెలపాలని అసెంబ్లీ తీర్మానం చేసిన రోజునే, సంతకం అయిందని కబురొచ్చింది. నవంబరులో హైకోర్టు ఆ చట్టంలోంచి రమ్మీని, పోకర్‌ని తీసేసింది. ఇంత చేసి మిగిలిందేమిటి? 2025లో అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆడకూడదనే రూలు. మా మేడ మీద అద్దెకున్న కుర్రాడు అయిదింటికి అలారం పెట్టుకునేవాడు.

కోదాడ క్రాస్‌రోడ్:

చెల్లే, పెద్దాయనా, ఇద్దరికీ దండాలు. గొలుసు సంగతి ఇంట్లో చెప్పలేదు గానీ ఇది మాత్రం చదివి వినిపించిన.

ఒక్క డౌటు. మా వాడికి ఇప్పుడు టెలిగ్రామ్‌లో లింకులు వస్తున్నయ్. మన దేశానివి కావంట. డబ్బులు వేయడానికి వచ్చే యూపీఐ పేరు చూస్తే ఏదో కిరాణా కొట్టుది. అందులో ఆడితే వీణ్ణి జైల్లో వేస్తరా?

పాత కస్టమర్‌కేర్:

కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష లేదన్నా, వాణ్ణి బాధితుడిగానే చూశారు. కంపెనీలు కోర్టులకి పోయాయి, ఆ కేసులన్నిటినీ సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికే తెప్పించుకుంది. ఇంకో వింత, అదే నెలలో డబ్బులాటల మీద జీఎస్టీని 28 నుంచి 40కి పెంచారు. నిషేధించిన ఆటకి పన్ను రేటు!

ఆ కిరాణా కొట్టు యూపీఐలు అద్దెకి తీసుకున్న ఖాతాలు. మా దగ్గర డబ్బు ఇరుక్కుంటే తిట్టడానికైనా నేనుండేదాన్ని, అక్కడ ఎవరూ ఉండరు. ఆ లింకులు ఓపెన్ చేయనివ్వకండి, స్క్రీన్‌షాట్లు మాత్రం ఉంచండి. ఒకవేళ ఇప్పటికే వేసేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత వేశాడని మాత్రం వాణ్ణి అడగొద్దు, సగమే చెప్తాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి.