కేసుల ప్రశ్న దరఖాస్తులోనే అడగాలా, ఎంపికయ్యాక అడగాలా?

పాతపిట్ట: సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టేటప్పుడే ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అని అడగడం న్యాయమేనా? అమెరికాలో 2019లో చట్టం చేశారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో చాలావాటికి షరతుతో ఆఫర్ ఇచ్చేదాకా ఆ మాటే ఎత్తకూడదు.

నల్లకోటు: ముందడిగినా వెనకడిగినా ఒకటే. ఎంపికయ్యాక మన పూర్వాపరాలు సరిచూడటానికి ఎటెస్టేషన్ ఫారం ఎలాగూ నింపాలి.

పాతపిట్ట: ఒకటెలా అవుతుందండీ? ఢిల్లీ పోలీసు హెడ్ కానిస్టేబుల్ కేసు చూడండి. 1999లో దరఖాస్తులో ‘లేదు’ అని రాశాడు. పరీక్షలన్నీ గట్టెక్కాక, 2001లో ఎటెస్టేషన్ ఫారంలో తనే బయటపెట్టాడు. అద్దెకున్నవాళ్లతో గొడవ, 1998లోనే రాజీ అయిపోయింది. అయినా ఎంపిక రద్దు చేశారు. సుప్రీంకోర్టులో గెలిచేసరికి 2011. దరఖాస్తులో ఆ గడే లేకపోతే ఆ అబద్ధం పుట్టేదా?

చలిచీమ: రాసింది అబద్ధమా, కాదా?

పాతపిట్ట: ఇరవయ్యేళ్ల వయసులో అయిన గొడవ. ఉద్యోగం పోతుందని భయపడ్డాడు.

చలిచీమ: అబద్ధమా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి.

గాలిపటం: గ్రూప్-4 రిజల్ట్స్ ఎప్పుడో ఎవరికైనా తెలుసా?

నల్లకోటు: 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన అవతార్ సింగ్ తీర్పు చదవండి. చిన్నాచితకా కేసైతే దాచినా వదిలేయొచ్చు. నిజం చెప్పినా, కేసు ముగిసిపోయినా ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. అంతా అధికారి విచక్షణ.

పాతపిట్ట: ఆ విచక్షణ సంగతి మా ఇంట్లో చూశాం. గెట్టు తగాదాలో ఇంటిల్లిపాదినీ ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కించారు. ఆ రోజు మా తమ్ముడు హాస్టల్లో ఉన్నాడు. కేసు కొట్టేశారు. వాడు ఫారంలో కేసు నంబరు, సెక్షన్లు, తీర్పు తేదీ అన్నీ రాసి, కాపీ కూడా జత చేశాడు. ఎనిమిది నెలలు ‘పరిశీలనలో ఉంది’ అన్నారు, తర్వాత లేదన్నారు. వాడితో సెలెక్టయిన ఇంకొకడు కేసు దాచి, ఇప్పుడు యూనిఫాంలో తిరుగుతున్నాడు.

చలిచీమ: అందరూ మీ తమ్ముడిలాంటి వాళ్లేనా? మా ఆఫీసులో ఒకాయన మీద వేధింపుల కేసు ఉండేది. సాక్షులు ఎదురు తిరిగారు, కొట్టేశారు. ఆయన పక్క సీటు నాది. సాయంత్రం ఆరు దాటితే ఫైలు సగంలో వదిలేసి బయటపడతాను. కేసుతోపాటు నా భయం కూడా కొట్టేశారా?

పాతపిట్ట: అంటే కోర్టు వదిలేసినా మీరు వదలరు.

చలిచీమ: కోర్టు కొట్టేస్తే అసలు జరగనే లేదంటారు మీరు.

నల్లకోటు: ఇది ముందు చెప్పుంటే ఆ గడి గురించి ఇంత టైపు చేసేవాణ్ణి కాదు.

పాతపిట్ట: మా వాడి ఫారం ఫొటో పెట్టమంటారా?

చలిచీమ: పెట్టండి. పేరు, నంబర్లు చెరిపేసి పెట్టండి.