సంస్కరణల హామీతో నగర కౌన్సిల్‌కు పోటీ: పనుల వరుసను ఎవరు నిర్ణయించాలి?

వీధిదీపం:
వచ్చే ఎన్నికల్లో నగర కౌన్సిల్‌కు స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయాలనుకుంటున్నాను. నా హామీలు మూడు. టెండరు పత్రాలను కౌన్సిల్‌లో ఓటింగుకు ముందే ప్రజల ముందు ఉంచడం. తన బంధువులకు లాభం కలిగే పని చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు బయటకు వెళ్లాలన్న నియమం తేవడం. ఒక్కో సభ్యుడికి సమానంగా ఇచ్చే వార్డు నిధిని రద్దు చేసి, అవసరాన్ని బట్టి నగరమంతటికీ ఒకే పనుల జాబితా తయారుచేయడం. మీ అభిప్రాయాలు చెప్పండి.

అక్షరజ్ఞ:
బంధువు అనే మాటకు నిర్వచనం రాయకపోతే రెండో హామీ నిలవదు.

మూలవీధి:
మొదటి రెండింటిపై నాకు అభ్యంతరం లేదు. మూడోది ప్రమాదకరం. 1900 నాటి తుపాను తర్వాత అమెరికాలోని గాల్వెస్టన్ 1901లో పాలనను కొద్దిమంది కమిషనర్లకు అప్పగించింది. 1913 వరదల తర్వాత అక్కడి మరో నగరం డేటన్ 1914 నుంచి, కౌన్సిల్ నియమించిన మేనేజరే పాలన నడిపే పద్ధతికి మారింది. వార్డు రాజకీయాల అవినీతిని తొలగిస్తామంటూ సాగిన ఆ సంస్కరణల కాలంలోనే అనేక నగరాలు వార్డులను ఎత్తివేసి, నగరమంతా కలిసి ఓటు వేసే పద్ధతి తెచ్చాయి. దానితో నల్లజాతీయులూ కార్మికులూ ఉండే పేటలు తమ మనిషిని గెలిపించుకోలేని స్థితికి వచ్చాయి. ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ ఓటర్లు 2022లో ఆ పాత పద్ధతిని వదిలి, 4 ప్రాంతాల నుంచి 12 మంది సభ్యులను ఎన్నుకునే ఏర్పాటును ఆమోదించారు.

వీధిదీపం:
వార్డులను ఎత్తివేస్తానని నేను అనలేదు. నిధి గురించి మాత్రమే అన్నాను. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే 1989లో నగర ఖర్చుల ప్రాధాన్యాలను ప్రజలే చర్చించి తేల్చే ప్రజా బడ్జెట్‌ను ప్రారంభించి, సౌకర్యాలు తక్కువగా ఉన్న ప్రాంతాలకు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చింది. అన్నీ ఉన్న పేటకూ, ఏమీ లేని పేటకూ ఒకే వాటా ఇవ్వడం సమానత్వం ఎలా అవుతుంది?

అక్షరజ్ఞ:
ముందు నా ప్రశ్నకు జవాబు ఇవ్వండి. మేనత్త కొడుకు బంధువా, కాదా? ఇద్దరూ కలిసి వ్యాపారం చేస్తుంటే?

కొత్తనీరు:
తప్పక పోటీ చేయండి. అయితే ఒక్కరే గెలిస్తే మీ తీర్మానం గెలవదు. కలిసి నడిచే మరికొందరు అభ్యర్థులను ఇప్పుడే వెతకండి.

మూలవీధి:
మా అనుభవం చెబుతాను. మా కౌన్సిల్‌లో ఒక సంస్కరణవాది గెలిచి, మీరు చెప్పినట్టే జాబితా తెచ్చారు. మా సందు మురుగుకాలువ అందులో 41వ స్థానంలో నిలిచింది. ఐదుసార్లు వెళ్లి అడిగితే, వరుస వచ్చేదాకా ఆగమన్నారు. ఆ మురుగులోనే మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగింది.

వీధిదీపం:
మీ బాధ నిజమే. కానీ మీరు అడుగుతున్నది మీ వీధిని వరుస తప్పించి ముందుకు తెమ్మనే కదా. నేను వ్యతిరేకించేది సరిగ్గా దాన్నే.

మూలవీధి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మేము వరుస తప్పించమనలేదు. ఆ వరుస ఎలా రాశారని అడిగాం. వచ్చిన ఫిర్యాదుల సంఖ్యను బట్టి మార్కులు వేశారని చాలా కాలానికి తెలిసింది. మా సందులో రాయగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. పెద్ద రోడ్డు వాళ్లు ఒక్క గుంతకు వంద అర్జీలు పెట్టగలరు. నియమం కాగితం మీద అందరికీ ఒక్కటే కావచ్చు, దాన్ని వాడుకోగల శక్తి మాత్రం అందరికీ ఒక్కటి కాదు. మీలాంటివారు ఈ మాట వినకపోవడమే నా కోపానికి కారణం.

వీధిదీపం:
వెనక్కి తీసుకుంటున్నాను. నా పట్టుదల వెనుక కారణమూ చెప్పాలి. ఒక కుళాయి కనెక్షన్ కోసం మా నాన్నగారు సభ్యుడి ఇంటి గుమ్మం దగ్గర నెలల తరబడి నిలబడ్డారు. సభ్యుడు దయతలచి ఇచ్చేది ఏదైనా, దయ లేకపోతే ఆపేయగలడు. అందుకే ఆ నిధిని ఉండనివ్వను. ఫిర్యాదుల లెక్కను మాత్రం ప్రమాణాల నుంచి తీసేస్తాను. ఇంటింటి పరిశీలనతో మార్కులు వేయిస్తాను.

మూలవీధి:
ఆ పరిశీలన చేసే అధికారికి మా సందు కనిపించకపోతే, మా తరఫున అడగడానికి సభ్యుడి చేతిలో ఏముంటుంది? కొద్దిపాటి నిధైనా ఉండాలి. దానికి మీరు ఒప్పుకోనంతవరకు మీలాంటి అభ్యర్థికి నా ఓటు పడదు.

అక్షరజ్ఞ:
బంధువు నిర్వచనం ఇంకా రాలేదు.