అప్‌డేట్: 47 ఏళ్లకు రాత్రి చెమటలు, గుండె దడ

నెలసరి గతి తప్పిందని, రాత్రి మూడింటికి దిండు గలీబు తడిసేలా చెమట పట్టి మెలకువ వస్తోందని, గుండె దడ అని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

థైరాయిడ్, ఈసీజీ రెండూ మామూలే. కూకట్‌పల్లిలో గైనకాలజిస్టుకు చూపిస్తే మెనోపాజ్‌కు ముందు దశ అన్నారు. 45 దాటితే లక్షణాలను బట్టే చెప్పవచ్చట. రక్తంలో ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) విలువ ఈ దశలో మారుతూనే ఉంటుంది కాబట్టి ఆ పరీక్షకు నేను పోసిన డబ్బు దండగ. అసలు దొరికింది వేరే: అధిక రక్తస్రావంతో హిమోగ్లోబిన్ 9కి పడిపోయింది. దడకు అదీ ఒక కారణమట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాక మెట్లు ఎక్కగలుగుతున్నాను.

లక్షణాలు వచ్చిన తేదీలు రాసుకోమన్న మీ సలహా బాగా పనికొచ్చింది. సాయంత్రం ఇరానీ చాయ్ మానేశాక (ప్రాణం పోయినంత పని) చెమటలు వారానికి రెండుసార్లకు తగ్గాయి. సోయా పొడితో నాకైతే తేడా లేదు.