మగవాళ్లం 22 మందిమి సంఘం పెట్టుకున్నాం, ఆగస్టు 15 ప్రోగ్రామ్ ఫ్లాప్ అయింది, సలహా ఇవ్వండి

చీరాల ఆదివారం బ్యాచ్:

అందరికీ నమస్కారం. మాది చీరాల. టెన్త్ ఒకే బడిలో చదివినవాళ్లం మొదట ఎనిమిది మందిమి, తర్వాత బావమరుదులు, పక్కింటివాళ్లు కలిసి ఇప్పుడు 22 మందిమి అయ్యాం. అందరికీ నలభై దాటింది. బట్టల కొట్టతను, ఆర్టీసీ కండక్టర్, మెడికల్ షాపతను, ఇద్దరు మగ్గం నేసేవాళ్లు, నేనేమో ఇన్సూరెన్స్. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి నడక, తర్వాత టీ బడ్డీ దగ్గర గంటసేపు కబుర్లు. కరోనాలో మాలో ఒకడు పోయాడు. వాడి ఇంటికి మూడు నెలలు వంతులేసుకుని వెళ్లాం, పిల్లల ఫీజులు చూశాం, అప్పట్నుంచి ఇది ఉత్త టీ బ్యాచ్‌గా మిగల్లేదు. నెలకు తలా 300 వేసుకుంటాం. నాలుగు రక్తదాన శిబిరాలు, ఒక కంటి పరీక్షల శిబిరం చేశాం, అవన్నీ బాగానే జరిగాయి.

ఈసారి ఆగస్టు 15కి దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూల్లో స్వాతంత్ర్య పోరాటం మీద ప్రోగ్రామ్ పెట్టాం. ఫ్లెక్సీ, మైకు, బయటినుంచి ఒక వక్త. ఆయన 1857 నుంచి మొదలుపెట్టి గంటా పదినిమిషాలకు కూడా 1930 దాటలేదు. పిల్లలు ఎండలో నిలబడ్డారు, ఒక అబ్బాయి కళ్లు తిరిగి పడిపోయాడు. చివర్లో నేను మైకు తీసుకుని "మన చీరాలలో ఏం జరిగిందో ఎవరికైనా తెలుసా" అని అడిగాను. ఒక్కడూ చెయ్యెత్తలేదు. పక్కన కూర్చున్న మావాళ్ల వైపు చూశాను, వాళ్లూ తల దించుకున్నారు. నాక్కూడా చీరాల-పేరాల ఉద్యమం అన్న పేరు తప్ప పెద్దగా ఏమీ తెలియదని అప్పుడే అర్థమైంది, సిగ్గేసింది.

అడగాల్సినవి మూడు. చరిత్ర పిల్లలకు ఎక్కేలా ఎలా చెప్పాలి. తొమ్మిది, పది చదివే మగపిల్లలకు తోడుగా ఉండి దారి చూపించాలని ఉంది, చాలామంది నాన్నలు బయటి ఊళ్లలో పనికి వెళ్లినవాళ్లే, ఎక్కడ మొదలుపెట్టాలి. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలా, లేక లయన్స్, రోటరీ లాంటి ఏ సేవా క్లబ్బులోనో కలిసిపోతే మేలా.

లెక్కల మాస్టారు (రిటైర్డ్):

బాబూ, ముందు ఆ కళ్లు తిరిగిన కుర్రాడు పొద్దున ఏం తిన్నాడో కనుక్కున్నారా? 34 ఏళ్లు బడుల్లో జెండా వందనాలు చూశాను, ఏటా ఇద్దరు ముగ్గురు పడిపోతారు, కారణం ఎండ ఒక్కటే కాదు, ఖాళీ కడుపు.

చరిత్ర సంగతి. మీ ఊళ్లో ఉన్నంత గట్టి కథ రాష్ట్రంలో చాలా ఊళ్లకు లేదు, మీరు బయటినుంచి వక్తను తెచ్చుకున్నారు! బ్రిటిష్ వాళ్ల కాలంలో చీరాల, పేరాల రెండు ఊళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేశారు, జనం మొత్తం కలిసి ఏడాదికి కట్టే పన్ను 4,000 రూపాయల నుంచి 40,000కి పోయింది, ఎక్కువమంది నేతగాళ్లూ చిన్న రైతులూ, ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందుండి నడిపించారు. ఎడిన్‌బరోలో చదివొచ్చిన మనిషి ఆయన, రామదండు పేరుతో వాలంటీర్లను తయారుచేశారు, 1921లో బెజవాడ కాంగ్రెస్ సభలకు ఏర్పాట్లు చూసింది ఆ దండే. ఆ సభలయ్యాక గాంధీ గారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా ఎదురు నిలవడం ఒక దారి, ఊరి హద్దు దాటి వెళ్లిపోవడం ఇంకో దారి అన్నారు. జనం రెండోది పట్టుకున్నారు. పదిహేను వేల జనాభాలో 13,000 మంది దాకా ఇళ్లు వదిలేసి, మున్సిపాలిటీ హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని సుమారు 11 నెలలు ఉన్నారు. వానాకాలం కూడా అందులోనే.

ఇది మైకులో చెప్పకండి. పదిహేను మంది పిల్లల్ని తీసుకుని నడవండి. "ఇదిగో, ఈ వీధి మొత్తం ఒకరోజు ఖాళీ అయింది అనుకోండి, మీ ఇంట్లోవాళ్లు ఏమేం మోసుకెళ్తారు?" అని అడగండి. అంతే. మిగతాది వాళ్లే అడుగుతారు. ఇంకో మాట, కథ చివర దాచకండి. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు, తర్వాత జనం వెనక్కి వచ్చారు, పన్నులూ కట్టాల్సొచ్చింది. గెలిచిన కథలే దేశభక్తి అనుకునే అలవాటు మనకుంది, పిల్లలకు ఓడిన కథే ఎక్కువ పడుతుంది. వాళ్లకు ఓడిపోవడం బాగా తెలుసు కదా, పరీక్షలు రాసేవాళ్లు.

పిల్లలకు తోడు అన్నారు. తొమ్మిదీ పదీ కాదు, ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి, పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, మీ బడిలో చాలామందికి సరిపోతుంది. నేను చూసిన పిల్లల్లో పరీక్ష పాసై కూడా డబ్బు రానివాళ్లున్నారు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు, ఇంటిపేరు ముందో వెనకో. మీ 22 మందిలో ఒకరు పిల్లాడితో బ్యాంకుకి రెండుసార్లు వెళ్లివస్తే చాలు. దానికి ఫ్లెక్సీ అక్కర్లేదు.

మాజీ సెక్రటరీ:

మూడో ప్రశ్నకి నేను చెప్తా. ఒక పెద్ద క్లబ్బులో ఆరేళ్లు ఉన్నాను, పేరు వద్దు. ప్రతి జూలైలో కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి హోటల్లో డిన్నర్, శాలువాలు, మెమెంటోలు. ఒక ఏడాది ఆ డిన్నర్ ఖర్చు ఆ ఏడాది మేం పంచిన పుస్తకాల ఖర్చు కంటే ఎక్కువ, లెక్క రాసింది నేనే కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఆ మాట మీటింగ్‌లో అన్నందుకు నెలలోపే సెక్రటరీ పదవి పోయింది, అదే మంచిదైంది. అలాగని అన్ని క్లబ్బులూ అంతే అనను, కంటి ఆపరేషన్ల విషయంలో లయన్స్ వాళ్లు చేసిన పని చిన్నదేమీ కాదు.

మీకు మీరే ఉండండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురుంటే చాలు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టండి, ఆ ఇద్దరూ బావాబావమరుదులు కాకుండా చూసుకోండి, నవ్వకండి, మా ఊళ్లో అదే జరిగింది. ఎలక్షన్ దగ్గరపడితే ఎవడో ఒకడు మీ ఫ్లెక్సీ ఖర్చు నేను పెట్టుకుంటా అంటాడు. అక్కడ వద్దనకపోతే తర్వాత వేదిక మీద మీకు కుర్చీ కూడా దొరకదు.

రక్తదానానికి ఏటా అదే తేదీ పెట్టుకోకండి. ఆగస్టు 15కి అందరూ పెడతారు, ఆ వారం బ్లడ్ బ్యాంకు నిండిపోతుంది, రక్తం ఊరికే నిలవ ఉండదు కదా. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు, అప్పుడే కరువు. మగవాళ్లు ఇవ్వడానికి 90 రోజుల ఎడం ఉంటే చాలు, ఇరవై రెండు మందిని నాలుగు జట్లు చేస్తే ఏడాదంతా ఎవరో ఒకరు సిద్ధంగా ఉంటారు.

ఇంగ్లీష్ టీచర్, జెడ్పీ హైస్కూల్:

అన్నయ్యగారూ, చేసే పని బాగుంది, కానీ అడగక తప్పదు. మగవాళ్లే ఎందుకు? రోటరీ వాళ్లు కూడా 1905 నుంచి మగవాళ్ల సంఘంగానే నడిపారు, అమెరికాలో కోర్టుకెక్కి 1987లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గానీ ఆడవాళ్లకు తలుపు తెరవలేదు. మీరు మగపిల్లలకే దారి చూపిస్తానంటే మా బడిలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఎవరి దగ్గరికి పోవాలి? చరిత్ర నడకకైనా వాళ్లను పిలవండి. స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చెప్పండి. 1923 కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు, పద్నాలుగేళ్ల పిల్ల, టిక్కెట్ లేదని నెహ్రూ గారిని ఆపేసింది. ఆయన టిక్కెట్ తెప్పించుకునే లోపలికెళ్లారు. ఇది చెప్తే మా క్లాసులో చప్పట్లు ఆగవు.

ఇంకోటి, ఇది సీరియస్‌గా తీసుకోండి. పిల్లల దగ్గరికి బయటి మగవాళ్లు వస్తున్నారంటే హెడ్మాస్టర్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, తల్లి సంతకం ఉండాలి. బడిలోనే, తలుపులు తెరిచిన గదిలో, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. బైకు మీద ఒంటరిగా ఎక్కించుకెళ్లడాలు, రాత్రిళ్లు విడిగా వాట్సాప్‌లు వద్దు. బ్యాంకుకి తీసుకెళ్లినా వాళ్లమ్మను కూడా తీసుకెళ్లండి. మీరు మంచివాళ్లే, నేను కాదనట్లేదు. మీ తర్వాత చేరే ఇరవై మూడోవాడి గురించి చెప్తున్నా.

చీరాల ఆదివారం బ్యాచ్:

మేడమ్, మీ రూల్స్ ప్రింట్ తీసి అందరికీ ఇచ్చాను. నడకకు ఆడపిల్లలూ వస్తారు, ఒక టీచరమ్మ తోడుంటానన్నారు. సంఘం మాత్రం మగవాళ్లదే ఉంచుతాం, దానికో కారణం ఉంది. మావాళ్లలో ఒకడికి అప్పులై ఏడాది నుంచి నిద్రలేదు, ఇంట్లో చెప్పలేదు, తమ్ముడికీ చెప్పలేదు, టీ బడ్డీ దగ్గర ఒకరోజు గ్లాసు పట్టుకుని అలా ఏడ్చేశాడు. నలభై దాటిన మగాడికి ఏడ్వడానికి చోటు ఏదండీ. ఆ ఒక్క గంట అలాగే ఉండనివ్వండి, మిగతా పనులకు ఎవరైనా రావచ్చు.

టెక్సస్ గోదారోడు:

ఇక్కడ మా పక్కింటి పెద్దాయన, 78 ఏళ్లు, ఒక సర్వీస్ క్లబ్బులో నన్ను చేర్చాడు. వాళ్లు చేసే ఒక పని నాకు భలే నచ్చింది. ఏడాదికి కొంత చందా కడితే జాతీయ సెలవు దినాల్లో తెల్లవారుజామునే వచ్చి మన ఇంటి ముందు జెండా పాతి, సాయంత్రం వాళ్లే తీసుకెళ్తారు. ఆ చందా డబ్బు పిల్లల స్కాలర్‌షిప్పులకు పోతుంది. నేను మా అబ్బాయిని తీసుకుని వెళ్తే ఆ పెద్దాయన జెండా ఎలా మడవాలో వాడికి నేర్పాడు, నాకు రాదు కాబట్టి నేనూ నేర్చుకున్నా.

మన దగ్గర అదే కాపీ కొట్టమనను. కానీ ఆగస్టు 16 పొద్దున మన రోడ్ల మీద చూడండి, కాగితం జెండాలు మురిక్కాలవల్లో ఉంటాయి. నేల మీద పారేయకూడదని ఫ్లాగ్ కోడ్‌లోనే, అంటే జెండా వాడకం నియమాల్లోనే ఉంది. ఆ రోజు మీ నడక ఒక గోనెసంచితో చేయండి అన్నా, వక్త కూడా అవసరం లేదు.

చీరాల ఆదివారం బ్యాచ్:

అందరికీ థాంక్స్. మొన్న ఆదివారం మొదటి నడక అయింది. పద్నాలుగు మంది పిల్లలు, మావాళ్లు ఆరుగురు, టీచరమ్మ. మాస్టారు, ముందు ఇడ్లీ పెట్టించాం, రాత్రి కూడా సరిగ్గా తినలేదని ఇద్దరు చెప్పారు, మీరన్నది నిజమే.

మీరు చెప్పినట్టే ఏం మోసుకెళ్తారని అడిగాను. టీవీ అన్నారు, కుక్క అన్నారు, ఒకమ్మాయి గ్యాస్ బండ అంది. పేరాల అబ్బాయి ఒకడు చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "మా తాతది గుంట మగ్గం సార్, గుంటలో కాళ్లు పెట్టి నేస్తాడు, మగ్గం విప్పుతారు సరే, గుంటను ఎలా పట్టుకెళ్లారు? అక్కడ మళ్లీ తవ్వారా? వానకి నీళ్లు నిండవా?" అన్నాడు. మా ఆరుగురిలో ఎవరికీ తెలియదు. మాలో మగ్గం నేసే అతను మాత్రం కాసేపు ఆలోచించి, కొత్త గుంట తవ్వి మట్టి గట్టిపడి మగ్గం కుదురుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, పిల్లలు ఆయన చుట్టూ చేరారు, నన్ను వదిలేశారు.

వచ్చే ఆదివారం ఆ అబ్బాయి వాళ్ల తాతగారింటికే వెళ్తున్నాం. ఆయనకు 81 ఏళ్లట, వాళ్ల నాన్న రామనగరంలో ఉన్నాడని ఎప్పుడో అన్నాడట. ఫోన్లో రికార్డ్ చేసుకోవడం ఎలాగో తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి, మగ్గం చప్పుడు వెనక నుంచి రాకుండా.