మామిడి పూతకి బూడిద తెగులు మందు: ఎన్నిసార్లు కొట్టాలి, తగ్గించొచ్చా?

నూజివీడు_తోట: మాది బంగినపల్లి, కొంచెం కలెక్టరు (తోతాపురి) కూడా ఉంది, తోట గుత్తకిచ్చాం. గుత్తకి పట్టినవాళ్లు పూమొగ్గ కనపడిన దగ్గర్నుంచి పిందె గోళీకాయంత అయ్యేదాకా వారం వారం మందే కొడతారు. తెగులు మందు, తేనెమంచు పురుగు మందు, ఏదో టానిక్కు, అన్నీ ఒకే డ్రమ్ములో. నా లెక్క ఏంటంటే పూత విచ్చకముందు నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు ఒకసారి కొట్టాలి. ఆ తర్వాత రాత్రిళ్లు చల్లబడి మబ్బు పట్టి, పూకాడల మీద తెల్లపొడి కనపడితేనే హెక్సాకొనజోల్ అనే తెగులు మందు లీటరుకి 2 మిల్లీలీటర్లు. కోత అయ్యాక చెట్టు మధ్యలో కొమ్మలు కొన్ని తీసి ఎండ, గాలి తగిలేలా చేస్తే తెగులు జోరు చాలావరకు తగ్గుద్ది. ఎవరైనా ఇలా చేస్తున్నారా?

జగిత్యాల_మామిడి: కనబడ్డంక కొడ్తె ఏం మిగుల్తదన్నా? బూడిద తెగులుకు వాన గూడ అక్కర్లే, గాలికే పోతది. ఇయ్యాల ఒక్క కొమ్మకుంటది, నాలుగొద్దులు ఆగితె తోటంత అంటుకుంటది, పూత మాడి రాలిపోతది. ఇగ కొమ్మలు కొట్టుడంటున్నవ్, ముసలి చెట్లకు నడిమిట్ల కొమ్మలు తీస్తె మల్లేడు కాపు తక్కువొస్తది, రాసిపెట్టుకో.

చిత్తూరు_తోతాపురి: మా పక్క పుల్ల మజ్జిగ కొడతారప్పా. ఖర్చే ల్యా.

జగిత్యాల_మామిడి: మజ్జిగ తోని లోడు నింపు, నేను జూస్త.

నూజివీడు_తోట: మజ్జిగ సంగతి వదిలేయండి, కొమ్మల సంగతి చూద్దాం. బూడిద కాక మచ్చతెగులని ఇంకోటుంది, అది ఎక్కడ దాక్కుంటదో తెలుసా, ఎండుపుల్లల్లో. పూతమీదో పిందెమీదో వాన పడితే ఆ చుక్కల్తోనే కాయ మీదకి దిగుద్ది, కాయ పచ్చిగా ఉన్నన్నాళ్లు బయటపడదు, మాగేసినప్పుడు నల్లమచ్చలేసుద్ది. ఎండుపుల్లలు చెట్టు మీదే వదిలేసి కింద నుంచి మందు కొట్టుకుంటా పోతే ఎన్నాళ్లు కొడతారు? కాపు తగ్గుద్దంటున్నారు, చెట్టునంతా మోడు చేయమన్లేదు, ఒకదాన్నొకటి కమ్మేసిన కొమ్మలు తీయమంటున్నా.

జగిత్యాల_మామిడి: ఎండుపుల్లలు తీస్తె తియ్యి, ఎవరొద్దన్నరు. పచ్చికొమ్మ కొడ్తె కాపు పోతది.

మందుల_కొట్టు: ఒక మాట. కార్బెండజిమ్ అనే తెగులు మందు ఒక్కటే ప్రతిసారీ కొడితే తెగులు దానికి లొంగకుండా పోతుందండి, మందులు మార్చి కొట్టాలి. గంధకంతో ఆ బెడద లేదు, కానీ ఎండ 35 డిగ్రీలు దాటితే మాత్రం కొట్టొద్దు, పూత మాడుతుంది.

ఉలవపాడు_కుర్రాడు: మార్చి కొట్టమని ఇప్పుడు చెప్తున్నారా సార్, పోయినేడు మా ఊరి కొట్టాయన చూడకుండానే మూడు డబ్బాలు చేతిలో పెట్టి అన్నీ కలిపి కొట్టెయ్యమన్నాడు, పూతంతా ఎర్రగా కమిలిపోయింది, అడిగితే నీళ్లు తక్కువ పోశావన్నాడు. అప్పు ఇంకా అతని దగ్గరే ఉంది కాబట్టి నోరు మూసుకున్నా.

మందుల_కొట్టు: అందరూ ఒకటి కాదండి.

కృష్ణా_డెల్టా: ఆకులు నల్లగా మసి పట్టాయని కూడా తెగులు మందు కొట్టేవాళ్లున్నారు. అది తేనెమంచు పురుగు కార్చిన జిగురు మీద పెరిగే మసి, పురుగుని ఆపితే కొత్తాకుకి పట్టదు. ఇంకోటి, పూత నిండుగా విచ్చినప్పుడు పురుగు మందు కొడితే ఈగలు, తేనెటీగలు చస్తాయి, ఇక పిందె నిలవలేదని ఏడవడం దేనికి.

నూజివీడు_తోట: నేను చెప్పేదీ అదే. జగిత్యాల అన్నా, కాపు పోద్ది కాపు పోద్ది అని ఒకటే పాట పాడుతున్నావు, అసలు నీ చెట్లకి ఎప్పుడైనా కొమ్మలు తీయించావా?

జగిత్యాల_మామిడి: నాకు చెట్లు యాడివే! మేం గుత్తకు పట్టేటోళ్లం. రెండేండ్ల కాయితం, పైసలు పూత కనబడకముందే మీ అసుంటి పట్టాదారు చేతుల పెట్టాలె. కొమ్మలు కొడ్తె ఫాయిదా ఎప్పుడొస్తది, మూడో ఏడు, అప్పటికి తోట ఇంకొకడు పడ్తడు. బూడిదొచ్చి పూత పోతె నువ్వు పైసలు వాపస్ ఇస్తవా? ఇయ్యవ్. నీకేం, ఇంట్ల కూసోని తెల్లపొడి కనబడేదాంక ఆగుమని చెప్తవ్. మందు నాకు సరదానా, డబ్బా ధర ఎంతున్నదో ఎర్కనా?

నూజివీడు_తోట: మందు అవశేషాలు తినేది జనం, చెట్టు పాడైతే పోయేది నాది, మీ ఒక్కరి డబ్బు గురించే కాదు. యూరప్‌లో కార్బెండజిమ్‌కి అనుమతే లేదు.

జగిత్యాల_మామిడి: నా కాయ యూరప్ వోదు, నాగ్‌పూర్ మార్కెట్‌కు వోతది. ఆడ మచ్చ ఉంటె ధర కోస్తరు, మందెంత కొట్టినవని ఎవ్వడడగడు.

కృష్ణా_డెల్టా: మరి గుత్త అయిదేళ్లకి రాసుకుని, సగం డబ్బు ముందు, మిగతాది కోతకి ఇచ్చేట్టు పెట్టుకోండి. కాయలకి కవర్లు తొడిగే ఖర్చు కూడా చెరిసగం అనుకుంటే మచ్చ తగ్గుద్ది, పండుఈగ కూడా.

జగిత్యాల_మామిడి: అయిదేండ్లైతె కొమ్మలు నేనే తీయిస్త. రాసిస్తరా?

నూజివీడు_తోట: అయిదేళ్లు కాయితం రాసిస్తే తర్వాత తోట ఖాళీ చేయరని మా ఇంట్లో భయం. సగం డబ్బు కోతకంటే, కోతప్పుడు ధర పడిపోయిందని ఎగ్గొట్టినవాళ్లని చూశాం మేము.

జగిత్యాల_మామిడి: గదీ సంగతి. నమ్మకం లేదను, బూడిద తెగులు మీదికి ఎందుకు దొబ్బుతవ్.

చిత్తూరు_తోతాపురి: అబ్బా గొడవ తరువాత పడండి, మాకు నిన్నట్నుంచి మబ్బుగా ఉండాది, పూత ఇంకా విచ్చలా. గంధకం ఈరోజే కొట్టేదా?

కృష్ణా_డెల్టా: కొట్టండి, పొద్దున్నే మంచు ఆరాక. పూకాడలు తడిసేలా. పురుగు మందు కలపొద్దు, ముందు పూకాడలు విదిలించి పురుగుందో లేదో చూసుకోండి.