10.5 లక్షల ఆఫర్ అంటున్నారు, చేతికి వచ్చేది 64 వేలే. ఎలా మాట్లాడాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. చేరి నాలుగేళ్ల పది నెలలైంది. ప్యాకేజీ 7.2 లక్షలు, అన్నీ పోను చేతికి 51,600 వస్తుంది.

గచ్చిబౌలిలో ఒక ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూలకు వెళ్లాను. మొదటి రెండు రౌండ్లు మామూలే, జావా, సెలీనియం. మూడో రౌండ్‌లో మేనేజర్ "యూపీఐలో డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ మాత్రం పడలేదు. ఏమేం చెక్ చేస్తావు?" అని అడిగారు. మా ప్రాజెక్టులో రోజూ చూసేదే. బ్యాంకు నుంచి రెస్పాన్స్ ఆలస్యంగా వస్తే, కస్టమర్ కంగారుపడి మళ్లీ పే నొక్కితే, రీఫండ్ రెండుసార్లు వెళ్తే... ఇలా రాసుకుంటూ పోయాను. కొన్ని ఆయన కూడా నోట్ చేసుకున్నారు. ఈ ఉద్యోగం వస్తుందని అప్పుడే నమ్మకం కుదిరింది.

తర్వాత హెచ్‌ఆర్ ఫోన్ చేసి 10.5 లక్షలు అన్నారు. "45 శాతం హైక్ ఇస్తున్నాం కదా, ఇంకేం కావాలి?" అన్నారు. అందులో ఏది ఎంతో బ్రేకప్ అడిగి తెప్పించుకున్నాను. వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది) 1,05,000, మిగతాది ఫిక్స్‌డ్. కంపెనీ కట్టే పీఎఫ్ 63,000, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చేది) 25,252, ఇన్సూరెన్స్ 15,000 కూడా అందులోనే కలిపారు. నా వాటా పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్ పోతే నెలకు 64,700. ఇన్‌కమ్ టాక్స్ పడదు, అదొక్కటే ఊరట. అంటే నెలకు పెరిగేది 13 వేలు, పాతిక శాతం.

పైగా 30 రోజుల్లో చేరాలట. మా నోటీస్ 90 రోజులు, మిగతా రోజులకు మా కంపెనీకి కట్టాల్సిన డబ్బు (బైఔట్) వాళ్లే కడతారట. సోమవారంలోగా చెప్పాలి. ఒంగోలులో ఇంటి లోన్ ఈఎంఐ నేనే కడుతున్నాను, అందుకే ఆఫర్ చేజారుతుందేమోనని టెన్షన్. గట్టిగా అడగొచ్చా?

జవాబు 1:
నేను రిక్రూట్‌మెంట్‌లో ఉన్నానండి. అన్ని రౌండ్లు దాటిన మనిషిని మర్యాదగా అడిగినందుకు ఎవరూ వదులుకోరు, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సింది మేమే. శాతాల జోలికి వెళ్లకండి. "ఫిక్స్‌డ్ 10 లక్షలు చేస్తే ఈరోజే సంతకం పెడతాను" అని ఒక అంకె చెప్పండి, అదీ మెయిల్‌లో. ఆ మూడో రౌండ్ సంగతి కూడా ఒక్క వాక్యంలో గుర్తుచేయండి. మేనేజర్‌కి మీరు కావాలి, బడ్జెట్ కోసం ఆయనే మాట్లాడతారు. పోయిన ఏడాది వేరియబుల్ ఎంత శాతం చెల్లించారో కూడా అడగండి.

జవాబు 2:
పేరోల్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. జీతం సంగతి పై వారు చెప్పారు, నాకు కనిపించింది తేదీ. 90 రోజుల నోటీస్ పూర్తిగా చేస్తే నీకు ఐదేళ్లు దాటుతాయమ్మా, నోటీస్ కాలం కూడా సర్వీసే. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలంటారు, 30 రోజుల్లో వెళ్లిపోతే నెల తక్కువ పడుతుంది. గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఎన్నేళ్లు చేస్తే అన్నిసార్లు. పేస్లిప్‌లో బేసిక్ 26,000 ఉందనుకో, ఏడాదికి 15,000, ఐదేళ్లకు 75,000. బైఔట్ డబ్బు మీ పాత కంపెనీకి పోతుంది, నీకు రాదు. నాలుగేళ్ల 240 రోజులు చాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది గానీ, అన్ని కంపెనీలూ ఒప్పుకోవు. దాని కోసం లాయర్ల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంది? తొందరగా రమ్మంటే ఆ 75,000 జాయినింగ్ బోనస్‌గా ఇమ్మను.

జవాబు 3:
బోనస్ ఇస్తే ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు ఉంటుంది, చదువుకోండి. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్. సార్, గ్రాట్యుటీ సంగతి ఇక్కడ ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. మీరు చెప్పినట్టే మెయిల్ పెట్టాను: ఫిక్స్‌డ్ 10 లక్షలు, 90 రోజుల తర్వాత చేరిక, లేదంటే 75,000 బోనస్. ఫిక్స్‌డ్ 9.8 దగ్గర ఆగారు, బోనస్ కుదరదన్నారు, 90 రోజులకు మాత్రం ఒప్పుకున్నారు. కొత్త తేదీతో లెటర్ వచ్చింది. సంతకం పెట్టి పంపాను, రాజీనామా రేపు ఇస్తున్నాను.